ఖమ్మంలో జీబీఎస్ పరీక్ష ఎందుకు చేయరు? పుట్టిన బిడ్డకు ఇన్‌ఫెక్షన్ రాకుండా ఎక్కడ ఏం చేస్తున్నారు?

న్యూజెర్సీ_అక్క

అందరికీ నమస్కారం. మా చెల్లెలు ఖమ్మంలో ఉంటుంది. తొలిచూలు. ఇప్పుడు 35 వారాలు. నాకు రెండేళ్ల కిందట ఇక్కడ బాబు పుట్టాడు. 36వ వారంలో దూదిపుల్లతో నమూనా తీసి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి ఉందేమోనని పరీక్ష చేశారు, ఇక్కడ జీబీఎస్ అంటారు. ఉందని తేలింది. భయపడ్డాను గానీ, నొప్పులు మొదలవగానే సెలైన్‌లో పెన్సిలిన్ ఎక్కించారు. కాన్పుకు కనీసం నాలుగు గంటల ముందు మందు పడాలని నర్సు గడియారం చూసుకుంటూ కూర్చుంది. బాబుకు ఏమీ కాలేదు.

నిన్న ఫోనులో చెల్లిని అడిగాను, ఈ పరీక్ష చేశారా అని. వాళ్ల డాక్టరమ్మ "మన దగ్గర అది మామూలుగా చేయం" అన్నారట. నాకు కోపం వచ్చి నాలుగు మాటలు అన్నాను. చెల్లి ఫోను పెట్టేసింది. ఇప్పుడు అమ్మ నా మీద కోపంగా ఉంది. అక్కడ ఎందుకు చేయరు? ఖర్చుకు వెనకాడా, పట్టింపు లేకా? తెలిసినవాళ్లు చెప్పండి.

అనుమానం_పక్షి

అమెరికాలో చేసేదల్లా ఇక్కడా జరగాలనుకోవడమే తప్పు అండీ. పరీక్షలు పెరిగితే ల్యాబులు బాగుపడతాయి. మన అమ్మమ్మలకు ఏ జీబీఎస్ చూశారు?

లీడ్స్_నుంచి

అక్కా, ముందు మంచినీళ్లు తాగండి. నేను ఇంగ్లండులో ఉంటాను. ఇక్కడ కూడా అందరికీ ఆ పరీక్ష చేయరు. నెలలు నిండకుండా నొప్పులు రావడం, కాన్పులో జ్వరం, అంతకుముందు బిడ్డకు జీబీఎస్ సోకి ఉండడం, లేదా ఈ కాన్పులో వేరే కారణంగా తీసిన నమూనాలో అది కనబడడం, ఇలాంటివి ఉంటేనే యాంటీబయాటిక్ ఇస్తారు. నాకూ మీలాగే కోపం వచ్చింది. మా మిడ్‌వైఫ్ నెమ్మదిగా చెప్పింది: ప్రతి నాలుగైదుగురు గర్భిణుల్లో ఒకరిలో ఈ క్రిమి ఊరికే ఉంటుంది, వాళ్ల బిడ్డల్లో చాలా మందికి ఏమీ కాదు, అందరికీ మందు ఎక్కించడం సరైనదేనా అన్నది ఇక్కడ ఇంకా తెగని వాదన అని. డబ్బున్న దేశాలే ఒక మాట మీద లేవు. మీ చెల్లి డాక్టరును మాత్రం తిట్టకండి.

పిల్లల_డాక్టర్_బెజవాడ

న్యూజెర్సీ_అక్క గారూ, మీ ప్రశ్న మంచిదే. కోపమే చిరునామా తప్పింది.

అమెరికాలో పుట్టిన వారం లోపు బిడ్డకు వచ్చే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లలో జీబీఎస్‌ది పెద్ద వాటా. 1990లో ప్రతి వెయ్యి కాన్పులకు దాదాపు 1.8 కేసులు ఉండేవి. 1996లో తొలి మార్గదర్శకాలు వచ్చాయి, 2002 నుంచి గర్భిణులందరికీ పరీక్ష చేయమన్నారు. 2015 నాటికి అది వెయ్యికి 0.23కు దిగింది. ప్రజారోగ్యంలో ఇంత శుభ్రమైన విజయాలు తక్కువ. మీ నర్సు గడియారం చూడడం అందులో భాగమే.

ఇక మన సంగతి. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో 2011 నుంచి 2014 వరకు ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఆ ఆసుపత్రుల్లోనే పుట్టి నవజాత శిశు విభాగంలో చేరిన 13,530 మంది బిడ్డలను రోజూ గమనించారు. 14.3 శాతం మందికి సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, వచ్చింది. కల్చర్‌లో (ల్యాబులో క్రిములను పెంచి చూసే పరీక్షలో) దొరికిన క్రిములేమిటి? అసినెటోబాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17, ఈ కోలై 14. జీబీఎస్ అరుదు.

నన్ను ఇప్పటికీ వదలని అంశం ఇంకొకటి ఉంది. పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం, మొదటి 72 గంటల్లో వచ్చే ఇన్‌ఫెక్షన్ తల్లి నుంచి వచ్చినది, తరువాత వచ్చేది బయటి నుంచి వచ్చినది. ఢిల్లీలో మొత్తం కేసుల్లో మూడింట రెండు వంతులు 72 గంటల లోపే వచ్చాయి. అయినా ముందు వచ్చినవాటిలోనూ తరువాత వచ్చినవాటిలోనూ అవే క్రిములు. అంటే బిడ్డ పుట్టిన గంటల్లోనే కాన్పు బల్ల మీద నుంచో, చేతి నుంచో, వార్డు నుంచో క్రిమి అంటుకుంటోందని అనుమానించాలి. పైగా అవి మందులకు మొండికేసినవి. అసినెటోబాక్టర్‌లో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం కనీసం మూడు రకాల మందులకు లొంగలేదు.

దొంగ పెరటి వైపు నుంచి వస్తుంటే వీధి తలుపుకు రెండో గడియ బిగించి ఏం లాభం? ఖమ్మంలో ఆ పరీక్ష చేయకపోవడానికి పెద్ద కారణం ఇదే. మీ చెల్లికి ఇది తొలి కాన్పు, ముందు బిడ్డకు సోకిన చరిత్ర ఉండే వీలు లేదు కాబట్టి నేనైనా ఆ పరీక్ష అడగను. నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయినా, జ్వరం వచ్చినా, నెలలు నిండకుండా నొప్పులు వచ్చినా మాత్రం ఒక్క గంట కూడా ఇంట్లో ఆగకూడదు.

న్యూజెర్సీ_అక్క

డాక్టర్ గారూ, ధన్యవాదాలు. కానీ ఇది చదివాక భయం తగ్గలేదు, పెరిగింది. ఆసుపత్రిలోనే క్రిములుంటే అక్కడికి పంపడం ఎందుకు?

అనుమానం_పక్షి

నేను అన్నదీ అదే. ఇంట్లో పురుడు పోసుకుంటే ఈ గోలే లేదు.

పాత_ఏఎన్ఎం

అయ్యా అనుమానం పక్షి గారూ, మీరు ధనుర్వాతంతో పోయే బిడ్డను చూసి ఉండరు. నేను చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తండాలో. పుట్టిన ఏడో రోజు. అంతవరకు చక్కగా పాలు తాగిన పసివాడు రొమ్ము పట్టలేకపోయాడు. దవడలు బిగుసుకున్నాయి. తలుపు చప్పుడైనా, దీపం దగ్గరకు తెచ్చినా, ఒళ్లంతా విల్లులా వంగిపోయేది. తల్లికి తెలివి తప్పింది గానీ వాడికి తప్పలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి. బొడ్డు దేనితో కోశారని అడిగితే కొడవలి తెచ్చి చూపించారు. కోసిన చోట బూడిద అద్దారు.

అది కూడా బ్యాక్టీరియా జబ్బే. మట్టిలో, పేడలో ఉంటుంది. దాన్ని ఏ పెద్ద యంత్రమూ ఓడించలేదు. గర్భిణికి టీటీ సూది, ఇప్పుడు దాని స్థానంలో టీడీ. మాకు నేర్పిన శుభ్రతల పాఠం: చేతులు, కాన్పు అయ్యే చోటు, బ్లేడు, బొడ్డు కట్టే దారం, బొడ్డు, అన్నీ శుభ్రంగా ఉండాలి, బొడ్డుకు ఏదీ పూయకూడదు. కొత్త బ్లేడు, దారం ఉన్న పొట్లాలు పంచుతూ ఊళ్లు తిరిగాం. దేశంలో ముందుగా తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా 2003లో గుర్తింపు పొందింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. చివర నాగాలాండ్ చేరాక 2015లో దేశం మొత్తానికీ ఆ గుర్తింపు వచ్చింది. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు ఎవరూ చెప్పరు. మేము చెప్పుకోలేదు కూడా.

అమ్మా న్యూజెర్సీ, చెల్లెలికి టీడీ రెండు డోసులూ పడ్డాయా? ముందు అది అడుగు. జీబీఎస్ తరువాత.

న్యూజెర్సీ_అక్క

పడ్డాయట అమ్మా, కార్డులో తేదీలు ఉన్నాయట. (చెల్లి ఫోను ఎత్తింది. నేను క్షమాపణ చెప్పాను, తను ఇంకా ఒప్పుకోలేదు.)

రాత్రి_డ్యూటీ

నేను ఒక జిల్లా కేంద్రంలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో స్టాఫ్ నర్సును. పేరు, ఊరు చెప్పను.

డాక్టర్ గారు "చేతి నుంచి, వార్డు నుంచి" అని ఒక్క మాటలో చెప్పేశారు. ఆ చేయి ఎలా ఉంటుందో నేను చెబుతాను. మా గది గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి. గాజులు, ఉంగరం, వాచీ తీసేయాలి. చేతులు మోచేతి పైదాకా మడవాలి. మోచేతితో తిప్పే కుళాయి కింద రెండు నిమిషాలు సబ్బుతో రుద్దాలి. గోడ మీద బొమ్మలు ఉంటాయి. మొదటిసారి లోపలికి వెళ్లేటప్పుడు అందరూ చేస్తారు. అసలు కష్టం లోపల. ఒక బిడ్డకు గొట్టంలో పాలు పోస్తుంటే పక్క వార్మర్ (వెచ్చగా ఉంచే బల్ల) మీద బిడ్డ నీలమవుతుంది. అప్పుడు రెండు అడుగుల దూరంలో ఉన్న సీసా నుంచి చేతికి మందు రాసుకుని, అది ఆరేదాకా ఆగి, ఆ బిడ్డను ముట్టుకోవాలి. అరచేతులు రాసుకునే ఆ ఇరవై, ముప్పై సెకన్లు ఎంత పొడుగో బయటివాళ్లకు తెలియదు. రాత్రి ఒక్కొక్కరి చేతిలో ఎంత మంది బిడ్డలు ఉంటే, అన్ని సార్లు.

ఇంతకుముందు పని చేసిన ఒక చోట (అది వేరే ఊరు, వేరే ఆసుపత్రి) వారంలో నలుగురు బిడ్డలకు క్లెబ్సియెల్లా వచ్చింది. అందరూ తల్లులను అనుమానించారు, బంధువులను అనుమానించారు. చివరికి ఒక సీనియర్ సిస్టర్ బల్ల మీద ఉన్న సెలైన్ సీసా వైపు చూపించింది. మందులు కలపడానికి పొద్దున విప్పిన ఆ ఒక్క సీసాలోంచే అందరికీ సిరంజితో తీస్తున్నాం. రబ్బరు మూతకు సూది గుచ్చి అలాగే వదిలేశారు. మరునాటి నుంచి ఒక బిడ్డకు ఒక చిన్న సీసా, వాడాక పారేయడం అని నియమం పెట్టారు. ఆక్సిజన్ సీసాలో నీళ్లు రోజూ మార్చి, మరిగించి చల్లార్చినవి కాక స్టెరైల్ నీళ్లే పోయాలన్నారు. కొత్త కేసులు ఆగాయి. సీసా ధర ఎంతో మీకు తెలుసు, ఒక కప్పు టీ తాగినంత కాదూ?

ఇది చెప్పడం భయపెట్టడానికి కాదు. చెల్లెలికి మామూలు కాన్పయి, బిడ్డ బరువుగా, ఏడుస్తూ పుడితే మా గదికి రావలసిన పనే ఉండదు. తల్లి పక్కనే ఉంటుంది. బిడ్డను ఊరికే "ఒకసారి చూపించడానికి" ప్రత్యేక విభాగంలో పెట్టించమని కొందరు బంధువులే మమ్మల్ని బతిమాలుతారు, గాజు గది అంటే గొప్ప అనుకుని. దయచేసి ఆ పని చేయకండి.

పిల్లల_డాక్టర్_బెజవాడ

రాత్రి డ్యూటీ సిస్టర్ గారికి నమస్కారం. ఆ సీసా సంగతి నా విద్యార్థులకు చెబుతాను, ఊరు లేకుండానే.

ప్రాణహిత_ఒడ్డు

నాది సిరొంచ. కాళేశ్వరం ఎదుట, నదికి ఇవతల. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర, ఇంట్లో భాష తెలుగు. బడిపంతులును. ఇళ్లల్లో కాన్పుల గురించి మాట వచ్చింది కాబట్టి మా జిల్లా సంగతి రాస్తున్నాను.

గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 'సర్చ్' అనే సంస్థను నడుపుతున్నారు. 1993లో 39 ఊళ్లు ఒక వైపు, 47 ఊళ్లు పోలికకు ఇంకో వైపు పెట్టుకుని పని మొదలుపెట్టారు. అప్పటికి ఆ ఊళ్లలో వెయ్యి మంది పుడితే 62 మంది నెల తిరగకుండా పోయేవారు. ఆసుపత్రికి తీసుకెళ్లండి అంటే ఎవరూ కదలరు. దారి లేదు, బండి లేదు, పురిటి మైల పూర్తి కాకుండా బిడ్డను గడప దాటించరు. అందుకని వాళ్లు ఆసుపత్రినే గడప లోపలికి తెచ్చారు. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఆరోగ్యదూతలను చేశారు. కాన్పు దగ్గర ఉండడం, బిడ్డను వెచ్చగా చుట్టడం, బరువు తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, సెప్సిస్ గుర్తులు కనబడితే జెంటామైసిన్ సూది వేయడం, నోటికి కోట్రైమాక్సజోల్ ఇవ్వడం, అన్నీ వాళ్లే.

డాక్టరు కాని మనిషి పురిటిబిడ్డకు సూది వేయడమా అని అప్పట్లో పెద్దలు మండిపడ్డారు. ఫలితం 1999లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. మూడో ఏడాదికి ఆ 39 ఊళ్లలో మరణాలు వెయ్యికి 25 దగ్గరకు దిగాయి. పోలిక ఊళ్లలో దాదాపు 60 దగ్గరే ఆగాయి. సెప్సిస్ వచ్చినవాళ్లలో చనిపోయేవారు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి తగ్గారు.

మీ ఊళ్లో ఆశా కార్యకర్త బిడ్డ పుట్టాక ఇంటికి వచ్చి తూకం వేస్తుంది కదా. 2011లో దేశమంతటా మొదలైన ఆ పథకానికి మూలం మా అడవి జిల్లాయే. గర్వంగా చెప్పుకోవచ్చు. మా జిల్లా పేరు పత్రికల్లో వేరే సంగతులకే వస్తుంది మరి.

అనుమానం_పక్షి

అంటే ఇంట్లో పురుడు మంచిదనే కదా పంతులు గారు అంటున్నది?

ప్రాణహిత_ఒడ్డు

కాదండీ. ఆసుపత్రి లేని చోట ఏం చేయగలమో అన్నది. ఇప్పుడు మా తాలూకాలో బండి వస్తుంది. నా కోడలు ఆసుపత్రిలోనే కన్నది.

పాత_ఏఎన్ఎం

ఆశా గురించి ఒక మాట. ఆసుపత్రిలో కాన్పయితే ఆమె 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. ఇంట్లో అయితే మొదటి రోజు కూడా. చాలా ఇళ్లల్లో "అమ్మాయి పడుకుంది, తరువాత రా" అని గుమ్మం దగ్గరే పంపేస్తారు. అలా పంపేయకుండా బిడ్డ బట్ట విప్పి చూపించండి. ఆమె చూసేది ఇవి: పాలు తాగడం మానేశాడా, ఒళ్లు కాలుతోందా లేక చల్లబడిందా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నాడా, డొక్కలు లోపలికి పోతున్నాయా, ముట్టుకుంటేనే తప్ప కదలడం లేదా, ఫిట్స్ వచ్చాయా, బొడ్డు చుట్టూ ఎర్రబడిందా. ఒక్కటి కనబడినా ఆ రోజే ఆసుపత్రికి. పెద్దవాళ్లకు ఇన్‌ఫెక్షన్ అంటే జ్వరం. పసివాడికి ఒళ్లు చల్లబడడం కూడా ఇన్‌ఫెక్షన్ గుర్తే, ఇది తెలియక చాలా మంది "జ్వరం లేదు కదా" అని కూర్చుంటారు.

ఖాట్మండు_కబురు

మందుల పంపిణీ పని మీద నేపాల్‌లో ఉంటున్నాను, సొంతూరు నెల్లూరు. ఇక్కడ బొడ్డు కోసిన చోట పూయడానికి క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ జెల్ చిన్న గొట్టంలో ఇస్తారు, 'నాభి మలమ్' అంటారు. కొండల్లో బొడ్డుకు ఆవనూనె, పసుపు పూయడం అలవాటు. మానమంటే వినలేదు. సరే, పూయాలనే ఉంటే ఇది పూయండి అని దీన్ని చేతిలో పెట్టారు. సర్లాహీ జిల్లాలో చేసిన పరీక్షలో మరణాలు 24 శాతం తగ్గాయని 2006లో వచ్చింది. ఆ తరువాత దేశమంతా పంచారు. మన దగ్గర ఎందుకు ఇవ్వరో నాకు ఎప్పుడూ అర్థం కాదు. చవకైన మందు.

పిల్లల_డాక్టర్_బెజవాడ

మంచి ప్రశ్న. అదే మందును జాంబియాలోను, టాంజానియాలోని పెంబా దీవిలోను పరీక్షిస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేపాల్‌లో, బంగ్లాదేశ్‌లో, పాకిస్తాన్‌లోని సింధ్‌లో పని చేసిన మందు అక్కడ ఎందుకు పని చేయలేదు? బొడ్డుకు హానికరమైనవి పూసే అలవాటు, ఇంటి కాన్పులు ఎక్కువగా ఉన్న చోట లాభం కనబడింది. లేని చోట కనబడలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు మామూలుగా బొడ్డును శుభ్రంగా, పొడిగా వదిలేయమంటుంది. ప్రమాదకరమైన వస్తువులు పూసే అలవాటు బలంగా ఉన్న చోట మాత్రమే క్లోర్‌హెక్సిడిన్.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో ఈ మందును కంటి చుక్కలనుకుని బిడ్డల కళ్లలో వేశారు. చూపు దెబ్బతిన్న పిల్లలు ఉన్నారు.

కళ్ల మాట వచ్చింది కాబట్టి: అక్క గారూ, మీ బాబుకు పుట్టగానే కళ్లకు ఎరిత్రోమైసిన్ మలాం రాసే ఉంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది చట్టం. కెనడా పిల్లల డాక్టర్ల సంఘం 2015లో ఇక అందరికీ అక్కరలేదంది. లీడ్స్ వారికి అసలు రాసి ఉండరు.

లీడ్స్_నుంచి

రాయలేదు. ఇప్పుడే తెలిసింది అలాంటిది ఉందని.

బామ్మ_మనవరాలు

బొడ్డు సంగతి సరే, మా ఇంట్లో అసలు తగువు వేరే. మా బామ్మ (కృష్ణా జిల్లా) లెక్క ప్రకారం బిడ్డకు మొదట తేనె నాకించాలి. తరువాత వస అరగదీసి పెట్టాలి. స్నానంలో నోట్లో వేలు పెట్టి గళ్ల తీయాలి, ముక్కులో ఆముదం చుక్క వేయాలి, పాప అయినా బాబు అయినా రొమ్ములు పిండాలి. వీధిలోకి గాడిదను తోలుకొచ్చినవాడు కనబడితే ఉగ్గు గిన్నెడు గాడిద పాలు. వద్దంటే "నిన్ను అలాగే పెంచాను, చచ్చావా?" అంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

పాత_ఏఎన్ఎం

నవ్వొచ్చింది తల్లీ. ప్రతి ఇంట్లో ఈ మాట విన్నాను. బామ్మను గెలవడం నీ వల్ల కాదు, నా వల్లే కాలేదు. నేను చేసిందేమిటంటే, ఆవిడకు ఇంకో పని అప్పగించడం. "బామ్మగారూ, చూడడానికి వచ్చేవాళ్లు చేతులు కడుక్కోకుండా బిడ్డను ఎత్తుకుంటున్నారు, మీ మాటయితే వింటారు, మీరు గుమ్మం దగ్గర కూర్చోండి" అనేదాన్ని. చెంబు, సబ్బు పక్కన పెట్టి కుర్చీ వేస్తే చాలు, ఊళ్లో పెద్ద రెడ్డి వచ్చినా వదిలేవారు కారు.

అన్నిటికీ ఒకేసారి అడ్డు చెప్పకు. తలకు ఆముదం పెడితే పెట్టనీ. నోట్లో వేలు, ముక్కులో నూనె, రొమ్ములు పిండడం, ఈ మూడింటి మీద మాత్రం మొండికెయ్యి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిండిన రొమ్ము చీము పట్టిన బిడ్డలను చేతులారా ఆసుపత్రికి మోశాను. గాడిద పాలు పచ్చివి, ఆ చెంబు ఎప్పుడు కడిగాడో ఆ దేవుడికి తెలియాలి.

పిల్లల_డాక్టర్_బెజవాడ

తేనె కూడా చేర్చండి అమ్మా. ఏడాది లోపు పిల్లలకు అసలు వద్దు. అందులో బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగు వాటిని లెక్కచేయదు, పసివాడి పేగులో అవి మొలకెత్తి విషం చేస్తాయి. మొదటి గంటలో ముర్రుపాలు పడితే చాలు. బిడ్డకు అదే మొదటి టీకా లాంటిది.

తొలిసారి_నాన్న

నమస్తే. మా పాప పుట్టి ఆరు రోజులు. ఒడిశాలో ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) ఇస్తే సెప్సిస్ తగ్గిందని వాట్సాప్‌లో వచ్చింది. మందుల షాపులో అడిగితే ఒక పొడి పొట్లం ఇచ్చాడు. వేయవచ్చా?

పిల్లల_డాక్టర్_బెజవాడ

ఆగండి. వార్త నిజమే, పొట్లం వేరు. ఒడిశా గ్రామాల్లో 4,556 మంది బిడ్డల మీద ఆ పరీక్ష జరిగింది, 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక ప్రత్యేకమైన రకాన్ని, దానికి ఆహారంగా ఒక చక్కెరను కలిపి, ఏడు రోజులు నోటికి ఇచ్చారు. సెప్సిస్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. చాలా పెద్ద తేడా. కానీ వాళ్లంతా 2 కిలోలు, ఆపైన బరువున్న, తల్లిపాలు తాగుతున్న ఆరోగ్యవంతమైన బిడ్డలు. షాపువాడు ఇచ్చిన దాంట్లో ఉన్నది ఆ రకమే అని మీకు గానీ అతనికి గానీ తెలియదు. నెలలు నిండని బిడ్డలకు ప్రోబయాటిక్‌లు ఇవ్వడం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరిక కూడా చేసింది, ఒక బిడ్డ చనిపోయాక. పొట్లం వెనక్కి ఇచ్చేయండి.

అనుమానం_పక్షి

ఇంత గొడవ ఎందుకు, నొప్పులప్పుడు అందరికీ ఒక యాంటీబయాటిక్ మాత్ర ఇచ్చేస్తే సరిపోదా? (నిజంగానే అడుగుతున్నాను, ఎగతాళి కాదు.)

పిల్లల_డాక్టర్_బెజవాడ

ఈసారి మంచి ప్రశ్న వేశారు. సరిగ్గా అదే చేసి చూశారు. ఏడు దేశాల్లో, మన బెళగావి, నాగపూర్ కూడా ఉన్నాయి, నొప్పుల మీద ఉన్న తల్లులకు ఒక్కసారి 2 గ్రాముల అజిత్రోమైసిన్ ఇచ్చారు. 2023లో ఫలితం వచ్చింది. తల్లుల్లో సెప్సిస్ లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6కు తగ్గింది. బిడ్డల్లో మాత్రం తేడా లేదు, అటూ ఇటూ పది శాతం చిల్లరే. తల్లికి పని చేసింది బిడ్డకు చేయలేదు.

రాత్రి_డ్యూటీ

మాత్రల కన్నా నేను కళ్లారా చూసింది కంగారూ పద్ధతి. తక్కువ బరువు బిడ్డను తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి గుడ్డ చుట్టేస్తాం. 1970ల చివర కొలంబియాలో బొగొటాలో వార్మర్లు చాలక మొదలైందట. బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయని 2021లో వచ్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఆ పరీక్షలో ఉంది. తల్లి ఒంటి మీద ఉన్న బిడ్డకు ముందు అంటుకునేవి తల్లి క్రిములు, మా బల్ల మీదవి కాదు. పైగా ఎవరు పడితే వాళ్లు ముట్టుకోవడం తగ్గుతుంది. తల్లి అలసిపోతే తండ్రి కూడా వేసుకోవచ్చు. ఒక లారీ డ్రైవరు చొక్కా విప్పి 1,400 గ్రాముల కూతుర్ని గుండెల మీద వేసుకుని మూడు గంటలు కదలకుండా కూర్చున్నాడు. దోమ కుట్టినా చేయి ఎత్తలేదు. మేమే తోలాం.

న్యూజెర్సీ_అక్క

నెల తరువాత రాస్తున్నాను, క్షమించండి.

చెల్లికి 39వ వారంలో మామూలు కాన్పు అయింది. పాప. 2 కిలోల 900. నొప్పుల కన్నా ముందే ఉమ్మనీరు పోయింది. డాక్టర్ గారు ఇక్కడ రాసిన మాట గుర్తుండి అర్ధరాత్రే బయలుదేరారు. ఆలస్యమైతే యాంటీబయాటిక్ మొదలుపెడతామని అక్కడ చెప్పారట, అంతదాకా రాలేదు. అరగంటలో పాలు పట్టించారు. మూడో రోజు ఆశా వచ్చింది, మా అమ్మ బట్ట విప్పి చూపించింది, ఊపిరి లెక్కపెట్టేటప్పుడు అందరినీ నోరు మూసుకోమందట.

పాత ఏఎన్ఎం అమ్మగారి సలహా పాటించాం. మా నానమ్మ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది, పక్కన బకెట్టు, మగ్గు, సబ్బు. మా బావగారి మేనేజరును కూడా చేతులు కడిగించి, గోళ్లు చూపించమందట. బొడ్డు ఎనిమిదో రోజు రాలింది, ఏమీ పూయలేదు.

తేనె సీసా మాత్రం ఇంకా దేవుడి గదిలోనే ఉంది. వీడియో కాల్‌లో చూశాను. బారసాల నాడు నాకిస్తానంటోంది నానమ్మ. ఏం చేయాలి?

పాత_ఏఎన్ఎం

బంగారు ఉంగరం తేనెలో ముంచి నాకించడం కదా వాళ్ల పద్ధతి? తల్లి పాలు రెండు చుక్కలు గిన్నెలో పిండి, ఉంగరం మరిగించి అందులో ముంచమను. అక్షింతలు, పాటలు అన్నీ మామూలే. నేను మూడు ఇళ్లల్లో చేయించాను.

న్యూజెర్సీ_అక్క

చెప్పాను. "ఉంగరం మరిగిస్తే రాయి ఊడిపోదా?" అని అడుగుతోంది.

పాత_ఏఎన్ఎం

రాయి లేనిది వాడమను.